సారమ్మక్క కిటికీలోంచి పిలిచిన పేర్లు

పక్క ఫ్లాట్‌లో ఎవరో పాండన్ ఆకు వేసి అన్నం వండుతున్నారు. వాన పడుతున్న మధ్యాహ్నం ఆ వాసన, సగం పచ్చగడ్డి, సగం పాలు, కిటికీ దాటి లోపలికొచ్చిందంటే నేను పని ఆపేస్తాను. పని ఆపడానికి పెద్ద కారణాలు వెతుక్కునే మనిషిని కాను గానీ, ఈ కారణం మాత్రం సారమ్మక్కది. మలేసియాలో, సైబర్‌జయలో మా ఆఫీసు నాలుగో అంతస్తు. ఒంటిగంటకి ఆవిడ టిఫిన్ డబ్బా మూత తీస్తే ఇదే వాసన వచ్చేది. ఏసీ చలిలో కూచున్న మా అందరికీ ఎక్కడో ఒక ఇంటి తలుపు తెరుచుకున్నట్టుండేది.

సారమ్మక్క మా బాస్. కువాలా సెలంగోర్ వైపు పామాయిల్ తోటలో పుట్టి, చర్చి బడిలో చదువుకుని, ఆ కుర్చీ దాకా వచ్చిన మనిషి. మా కంపెనీ పని పసిపిల్లల పేర్లు. ప్రపంచంలోని రకరకాల జనాల పేర్లు పోగుచేసి, వాటికి అర్థాలు రాసి వెబ్‌సైట్‌లో పెట్టడం. సాహిత్యంలో పట్టా పుచ్చుకున్నవాడికి ఇంతకంటే చిన్న వాక్యాలు రాసే ఉద్యోగం దొరకదు. ఒక్కో పేరుకి నాలుగు మాటలు. అందులో ఒకటి తరచుగా ‘వెలుగు’.

జాబితా పూర్తయ్యాక ఆవిడ దాన్ని తీసుకుని కిటికీ దగ్గర నిలబడేది. కింద కార్లు ఆగేచోట పిల్లలు ఆడుకుంటున్నారనుకుని, అన్నానికి పిలుస్తున్నట్టు ఒక్కో పేరూ పిలిచేది. గట్టిగా కాదు, ఉప్పు సరిపోయిందా అని చూసినట్టు. ఆ తర్వాత అడిగేది, ఈ పేరుతో ఏ తల్లయినా ఏ బిడ్డనైనా పిలిచిందని నీకు తెలుసా అని. తెలిస్తే ఉంచాలి, తెలియకపోతే కొట్టేయాలి. మలయ్ పేర్ల జాబితా చదివిన రోజు మా అంతస్తు కాపలా మనిషి తన పేరే అనుకుని రెండుసార్లు పలికాడు. ఆ పేరు మీద మాకింక ఏ సందేహమూ మిగల్లేదు.

చెరోకీ పేర్లు నా వంతుకొచ్చాయి. అమెరికాలో, ఆ దేశానికి ఆ పేరు లేనప్పటినుంచీ ఉన్న జనం. వాళ్ళ నిఘంటువులో కొన్ని నిజం మాటలు దొరికాయి. సలాలి అంటే ఉడుత, వాయా అంటే తోడేలు, నోక్విసి అంటే నక్షత్రం. రోజంతా నా బల్ల చుట్టూ తెలియని అడవి ఒకటి మెల్లగా కదులుతున్నట్టుండేది. కానీ పైవాళ్ళకి వంద పేర్లు కావాలి. మిగతావి ఒకదాన్ని చూసి ఒకటి ఎక్కించుకున్న వెబ్‌సైట్లనుంచి నేనూ ఎక్కించుకున్నాను. అయినా తొంభైతొమ్మిదే వచ్చాయి. బయట వాన అప్పుడే వెలిసింది. వందోది నేనే కల్పించాను. ‘తలూయ: వాన వెలిసిన చోట నిలిచిన వెలుతురు.’ సారమ్మక్క ఆ వారం మోకాలి ఆపరేషన్ కోసం సెలవులో ఉంది. కిటికీ దగ్గర ఎవరూ నిలబడలేదు. పేజీ వెళ్ళిపోయింది.

ఏడాది తర్వాత క్లాంగ్‌లో మా అప్పకి ఆడపిల్ల పుట్టింది. మా ఇళ్ళల్లో అక్కని అప్ప అంటాం. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి పుట్టిన బిడ్డ. క్లాంగ్‌లో ఇంకెవరికీ లేని పేరు కావాలని అప్పా బావా రాత్రనక పగలనక ఫోన్లలో వెతికారు. ఎంచుకున్న పేరు అప్ప ఫోన్ చేసి చెప్పింది. తలూయ. నేను చాలా బాగుందన్నాను. నా రచనని ఎవరైనా మనసారా మెచ్చుకోవడం అదే మొదటిసారి. నాకు రెండు వారాలు అన్నం సయించలేదు.

చివరికి సారమ్మక్క డబ్బా మూత తీస్తున్నప్పుడు చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. ఆవిడ చెంచా పక్కన పెట్టింది.

“నాకు ముందు మా అమ్మకి ముగ్గురు పుట్టినారు, తెలుసునా? బాప్తిస్మం కాకుండా పేరెట్టకూడదని తోటలో అందరూ అనీవోరు. ముగ్గురూ అంతకుముందే పోయినారు. సమాధుల పండక్కి మా అమ్మ తాత దగ్గిర పేరెట్టి పిలిసేది, నాయనమ్మ దగ్గిర పిలిసేది, కొవ్వొత్తి ఎట్టేది. ఆ ముగ్గురి కాడా నోరు మూసుకుని నిలబడేది. ఏటని పిలుస్తాది?”

ఆవిడ డబ్బా మూత పెట్టేసింది. మాట చివర ఇక్కడివాళ్ళందరిలా ‘లా’ తగిలిస్తూ అంది:

“ఆ చెరోకీ వోళ్ళకి ఆళ్ళ పిల్లలున్నారు, ఆళ్ళ పేర్లున్నాయి. నీ బుర్రలో పుట్టింది ఆళ్ళ నెత్తిన ఎట్టడమేటి? పేజీ నేను తీయిస్తాను. మీ అప్పకి నువ్వే సెప్పు లా. బియ్యంలో రాయకముందే.”

పేజీ ఆ సాయంత్రమే తీసేశారు. పైవాళ్ళు అడిగితే తప్పు తనదేనని, సెలవునుంచి వచ్చాక చూడాల్సిందని చెప్పిందట. ఆ సంగతి నాకు ఆవిడ చెప్పలేదు.

ఇరవయ్యొకటో రోజు పొద్దున్నే క్లాంగ్ వెళ్ళాను. ముందుగదిలో పళ్ళెంలో బియ్యం పోసి ఉంది, బావ ఉంగరం తుడుచుకుంటున్నాడు. అప్ప లోపలి గదిలో పిల్లకి కాటుక పెడుతోంది. చెప్పాను. అది చెరోకీ పేరు కాదని, ఏ భాషదీ కాదని, వంద నిండడం కోసం నేను కల్పించానని.

అప్ప కాటుక వేలు అలాగే గాల్లో ఉంచి నా వైపు చూసింది.

“అర్థం కూడా నువ్వే రాసినావా?”

“నేనే.”

“ఇరవై రోజులై అలాగే పిలుస్తన్నానురా. పిలిస్తే కళ్ళు తిప్పుతాది.” కాటుక వేలు కొంగుకి తుడుచుకుంది. తర్వాత కోపం వచ్చింది. “ఎదవా, ఇప్పుడు ఇంకో పేరెట్టి పిలిస్తే అదెవరనుకుంటాది?”

 పిల్ల మా ఇద్దరినీ మార్చి మార్చి, తొందరేమీ లేనట్టు చూస్తోంది. ముందుగదిలోంచి బావ ముహూర్తం దాటిపోతోందని పిలిచాడు. అప్ప పిల్లనెత్తుకుని లేచింది. ఆ పేరే రాయించింది. ఇదేం భాష అని మా పెద్దమ్మ అడిగితే మాత్రం, అందరూ వినేటట్టు, “ఏ బాషా కాదు, మా తమ్ముడు కట్టినాడు” అంది. ఆ రోజు నన్ను చూసి అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. 

సారమ్మక్క పోయి రెండేళ్ళవుతోంది. ఆవిడ తీయించింది మా ఒక్క పేజీనే. అప్పటికే ఆ పేరుని మిగతా వెబ్‌సైట్లు ఎక్కించుకున్నాయి. చెరోకీ పేర్ల మధ్య, ఉడుత పక్కన, తోడేలు పక్కన, నా అబద్ధం హాయిగా కూచుని ఉంది. రెండు మూడు నెలలకోసారి వెతుకుతాను. కనిపించిన ప్రతిచోటికీ రాస్తాను: ఈ మాట వాళ్ళది కాదు, నేను కల్పించింది, దయచేసి తీసేయండి. కొందరు తీసేశారు. చాలామంది పలకరు. పోయిన నెల ఒకరు మాత్రం ఎంతో మర్యాదగా జవాబు రాశారు. తీసేశామని, అర్థం చాలా అందంగా ఉందని, నా దగ్గర ఇలాంటి పేర్లు ఇంకేమైనా ఉంటే పంపమని.

లేవని రాశాను.