ఒక్క లైనాయన

ఆఫీసులో అందరూ ఆయన్ని ‘ఒక్క లైనాయన’ అంటారు. సాఫ్ట్‌వేర్ నుంచి ఈమెయిల్ పంపాలంటే ఇదివరకు పేజీలకు పేజీలు కోడ్ రాయాల్సి వచ్చేది. ఆయన దాన్ని ఒక్క లైనుకు కుదించాడు. అప్పటినుంచి ఆయన నడకే మారిపోయింది. కాఫీ కప్పు పట్టుకుంటే చిటికెన వేలు పైకి లేస్తుంది. ఎవరైనా పని కష్టమంటే జాలిగా నవ్వుతాడు. పంపడం తేలికయ్యాక, వచ్చినవి చదివే శ్రమ మాత్రం దేనికని, మెయిళ్లకు దానంతటదే జవాబిచ్చే ప్రోగ్రాం రాసి, ఒకరోజు పొద్దున ముందుగా తన మెయిలుకే తగిలించుకున్నాడు.

ఫోనెత్తని మొగుడితో వేగలేక, ఆ మధ్యాహ్నమే భార్య మెయిల్ పెట్టింది: “మీరు నాతో మాట్లాడి వారమైంది. మా అన్నయ్య ఇంటికి వెళ్లిపోతున్నాను. వద్దనాలనిపిస్తే ఇప్పుడే చెప్పండి.” రెప్పపాటులో జవాబు వెళ్లింది: “మీ సూచనకు ధన్యవాదాలు. మళ్లీ సంప్రదించనవసరం లేదు.” సాయంత్రం ఇంటికొచ్చి, తలుపుకు తాళం చూసి, కంగారుగా ఫోన్ చేశాడు. “మెయిల్ పెడితే, మళ్లీ సంప్రదించనవసరం లేదన్నారుగా,” అంది భార్య. “అది నేను కాదే, నా ప్రోగ్రాం!” “నాకు తేడా తెలియలేదండీ,” అందావిడ. “పైగా, అది వెంటనే పలికింది.” ఆయన తాళం వేసిన తలుపుకే చేరగిలబడ్డాడు. కానీ చెప్పొద్దూ, ‘వెంటనే’ అన్న మాట దగ్గర ఛాతీ కాస్త ఉబ్బింది.