నీళ్లలో, నీళ్లతో

ఎనిమిదేండ్లయింది. ఒక్క మాట నా మీద రాయి లెక్క పడి ఉన్నది. అన్నం తింటున్నా, బస్సు కోసం నిలవడ్డా, రాత్రి కండ్లు మూసినా అది మెదులుతనే ఉంటది. నేను అబద్ధం చెప్పిన. అది గూడ బైబిల్ ముందర పెట్టుకొని చెప్పిన. నా పేరు చెప్పను. మీరెవరో నాకు తెల్వదు, అందుకే మీకు చెప్పబుద్ధయితుంది. తెలిసినోళ్లయితే, ఇన్నేండ్లకు ఎందుకు చెప్తుండు, ఏం మతలబు ఉన్నదని అనుమానపడుతరు. వాళ్ల జాగల నేనున్నా పడుత.

అప్పుడు నేను కరీంనగర్‌ల ఉండి చొప్పదండి దిక్కు ఒక చిన్న సంఘానికి పాస్టర్‌గ పోయేటోన్ని. గ్రీకు, హీబ్రూ నాకు వచ్చినంత వచ్చు. కాని లాప్‌టాప్‌ల బైబిల్ సాఫ్ట్‌వేర్ ఉండె. ఏ మాట మీద నొక్కినా దాని మూలం, అది ఎక్కడెక్కడ వచ్చిందో అన్నీ కింద వరుసగ పడుతుండె. నాకు చిన్న మాటలంటే పిచ్చి. మన లో, తో, నుంచి, కోసం అసొంటియి. మనకు మాట ఎనుక అతుకుతయి. గ్రీకుల ముందర వస్తయి. హీబ్రూల కొన్ని ఒక్క అక్షరమై మాట నెత్తిన కూసుంటయి. గంటలకు గంటలు గవే వెతుక్కుంట కూసునేటోన్ని.

ఆ సంఘంల నాకన్న ముందు నుంచి రాజలింగం తాత ఉండె. మరమగ్గాల మీద పనిచేసి సగం చెవుడు వచ్చిన మనిషి. సదువు అయిదో తరగతి. జనం నాకు వందనాలు చెప్పి, ఏడ్చేది మాత్రం ఆయన దగ్గర. అది నాకు పడలే. ఆయన సంఘ పెద్దలతోని నిలవడి మాట్లాడితే నా గురించే అనుకునేటోన్ని. నేను దగ్గరికి పోంగనే మాట ఆగిందంటే ఇగ అయిపాయె, ఆ దినమంత అదే లెక్క. ఒకసారి నా లాప్‌టాప్ దిక్కు వంగి చూసి, ఇందుల అన్నీ ఉంటయా అయ్యగారూ అని అడిగిండు. నన్ను ఎక్కిరిస్తుండనుకున్న. నిజంగ ఎక్కిరించిండా? తెలుసుకుందామని అడిగిండా? ఆ రెండోది నా తలకాయకు తట్టనే లే.

లచ్చవ్వ అని ఒక ముసలామె ఉండె. పక్షవాతం వచ్చి మంచం పట్టింది. ఆమె భర్త మా సంఘం మనిషే, ఎన్నడో కాలం చేసిండు, మా సమాధుల తోటలనే పెట్టిండ్రు. ఆమె మాత్రం బతుకంత బాప్తిస్మం వద్దన్నది. ఆఖరికి ఒక పొద్దటి పూట, బిడ్డ సుగుణక్కను పిలిచి, నాకు బాప్తిస్మం ఇప్పియ్యి, మీ బాపు పక్కన పెట్టుండ్రి అన్నదట. సుగుణక్క రాజలింగం తాత దగ్గరికి ఉరికింది. ఆమెను చెరువు దాక మోసే తీరు లేదు. ఆయన చెంబుల నీళ్లు తెప్పించి, ప్రార్థన చేసి, తల మీద పోసిండు. మూడో దినం ఆమె పోయింది.

నన్ను అడగకుండ చేసిండు. నన్ను తప్పించిండు. నాకు గదే తోచింది. నా ఫోన్ ఆ పొద్దున రెండుసార్లు మోగిందని, తెర మీద ఆయన పేరు చూసి నేనే కట్ చేసిననని అప్పుడు యాదికి తెచ్చుకోలే. యాదికి రాలేదా, రానియ్యలేదా?

మా సంఘంల ముంచి ఇచ్చేదే బాప్తిస్మం. అది లేనోళ్లకు సమాధుల తోటల జాగ లేదు. పెద్దలు చర్చిల కూసున్నరు. బైట తల్లి శవం దగ్గర సుగుణక్క ఉన్నది. బాప్తిస్మం గురించి బైబిల్‌ల నీళ్లలో అని రాసి ఉన్నదా, నీళ్లతో అని గూడ అనుకోవచ్చా, అసలు భాషల చూసి చెప్పుమని నన్ను అడిగిండ్రు. లో అంటే ముంచుడే, తో అంటే పోసినా చెల్లుతది. నేను లాప్‌టాప్ తెరిచిన.

గ్రీకుల ఆ మాట 'ఎన్'. నొక్కితే పేజీలకు పేజీలు వచ్చినయి. ఊరిలో, ఇంట్లో అన్న కాడ అదే మాట. కత్తితో కొట్టుడు అన్న కాడ గూడ అదే మాట. హీబ్రూల దానికి సాటి వచ్చే 'బె' గూడ గంతే, ఇంట్లో అన్నా అదే, కర్రతో అన్నా అదే. అంతకన్న పెద్దది ఇంకోటి కనవడ్డది. నీళ్ల బాప్తిస్మం గురించిన అదే సంగతి ఇంకో సువార్తల రాసిన కాడ ఆ చిన్న మాట లేనే లేదు. ఉత్త 'నీళ్లు' అన్న మాటనే, 'తో' అనుకునే తీరుగ. బాప్తిస్మం అన్న మాటకే ముంచుడనే అర్థం ఉన్నదని వాదించొచ్చు, కాని వాళ్లు అడిగింది చిన్న మాట గురించి. నేను నదులు, ఊర్లు, ఇండ్లు వచ్చిన కాడివి మాత్రం ఏరి తెర మీద పెట్టిన. మిగిలినయి మూసేసిన.

అన్ని కాడ లో అనే ఉన్నది, చూడుండ్రి అన్న.

రాజలింగం తాత లేచి తెర దగ్గరికి వచ్చిండు. ఆ అక్షరాలు ఆయనకు రావు. అయినా చాలాసేపు చూసిండు.

"అయ్యగారూ, గా మాటకు ఇంకో అర్థం లేదా?"

"లేదు."

"జర మల్ల చూడుండ్రి. ఆమె కోసం."

"చూసిన తాతా. లేదు."

ఆయన నా మొఖం దిక్కు చూసిండు. నా అబద్ధం పట్టుకున్నడనుకున్న. కాని ఆయన తల ఊపి, "మీరు సదువుకున్నోళ్లు. అయితే తప్పు నాదే" అని, బైటికి పోయి సుగుణక్కకు ఆయనే చెప్పిండు. లచ్చవ్వను ఊరవతల వాగు ఒడ్డున పెట్టిండ్రు. భర్త పక్కన ఆమె జాగ ఖాళీగనే ఉన్నది.

ఆ తర్వాత ఆయన ఎవరికీ ప్రార్థన చెయ్యలే. నాకు చేతగాదు బిడ్డా, అయ్యగారిని అడుగుండ్రి అనేటోడు. ఆదిలాబాద్‌ల కొడుకు దగ్గరికి పోయిండు. నేను ఒకసారి అక్కడిదాక పోయిన. చాయ్ ఇప్పిచ్చిండు, ఆరోగ్యం అడిగిండు. నేను వాన గురించి మాట్లాడి వచ్చిన. పోయినేడు ఆయన కాలం చేసిండు.

ఎవలన్న నాతోని మంచిగ మాట్లాడితే, వీనికి తెల్సిందా అని చూసేటోన్ని. తాత చూపును గూడ అనుమానించిన. ఆయన నన్ను నమ్మిండన్నది ఎంతకూ నమ్మలేకపోయిన.

మొన్న సుగుణక్క ఇంటికి పోయిన. చాటల ఆకు పెట్టుకొని బీడీలు చేస్తుంది. నిలవడే చెప్పిన, మొదటి నుంచి, ఫోన్ సంగతి గూడ. ఆమె చేతులు ఆగినయి.

తాతకు చెప్పినవా అని అడిగింది. చెప్పలేదన్న.

"నాకెందుకు చెప్తున్నవ్? నీ బరువు దింపుకునేటందుకా?"

ఇన్నేండ్లు అయ్యగారూ అని పిలిచిన మనిషి ఇప్పుడు నువ్వు అన్నది. ఆమె అన్నది నిజమే కావొచ్చు. ఆమె మళ్ల ఆకు చేతిలకు తీసుకున్నది. పొమ్మనలే, కూసోమనలే. క్షమించుమని నేను అడగలే, అడిగే మొఖం నాకు లేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సుల కిటికీ పక్కన సీటు దొరికింది. ఎప్పుడు నిద్రవట్టిందో తెల్వదు. కరీంనగర్ బస్టాండ్‌ల కండక్టర్ భుజం పట్టి లేపిండు.