బాపు కండ్ల మందు

తొమ్మిదేండ్ల సంది ఒక చిన్న మాట నా గుండె మీద బండలెక్క కూసున్నది. డాక్టర్ ముందల నేను పలికిన మాట అది. అబద్ధమని తెలిసినోళ్లం ఇద్దరమే. నేను, మా బాపు. ఇప్పుడు మీరు మూడో మనిషి. మీరెవరో నాకు తెల్వదు. తెల్వదు గనుకనే చెప్పగలుగుతున్న.

మాది గోదావరిఖని. బాపు బొగ్గుబాయిల పైకప్పు కూలకుండ దిమ్మెలు నిలబెట్టే పని చేసేది. ఇంట్ల ముగ్గురమే. బాపు, అవ్వ, నేను. డిగ్రీ అయినంక నేను ఒక ప్రైవేటు బడిల చిన్నపిల్లలకు చదువు చెప్పుకుంట ఉంటి.

అప్పుడే బాపు కండ్లకు నీటికాసుల జబ్బు బయటపడ్డది. దవాఖానల డాక్టర్ నన్ను పక్కన కూసోబెట్టుకొని అర్థమయ్యేటట్టు చెప్పిండు. కంటి లోపల ఒత్తిడి పెరిగి నరం చచ్చుకుంట పోతది. నొప్పి ఉండదు. పోయిన చూపు మళ్ల రాదు. కని పొద్దుగాల ఒక చుక్క, మాపటికి ఒక చుక్క వేస్తే ఉన్న చూపు నిలబడుతది. "ఆయన మర్చిపోతడు, నువ్వే వెయ్యమ్మా" అన్నడు.

ఆరు నెలలు నేనే వేసిన. బాపు కుర్చీల కూసోని తల వెనుకకు వాల్చేది. ఒక్కో చుక్క పడ్డప్పుడు చిన్నపిల్లగానిలెక్క మొఖం ముడుచుకునేది. తర్వాత ఒకరోజు, "నేనే వేసుకుంట బిడ్డా, నీకు బడికి ఆలస్యమైతున్నది" అన్నడు. సీసా ఆయన చేతికిచ్చిన.

ఇంకో నెలకనుకుంట, పొద్దున జడ వేసుకుంట పెరట్లకు పోయిన. బాపు బట్టలుతికే బండ దగ్గర నిలబడి ఉన్నడు. సీసా తలకిందులు చేసి నేల మీద చుక్క వేసిండు. ఒకటి. మళ్ల ఒకటి. కంట్ల వేసుకున్నంత జాగ్రత్తగనే వేసిండు. తర్వాత బకెట్ల వేళ్లు ముంచి రెప్పలు తడుపుకున్నడు. అవ్వ చూస్తే మందు వేసుకున్నట్టు కనబడాలె కదా.

"బాపూ, ఏం జేస్తున్నవ్?"

ఉలిక్కిపడలే. మూత పెట్టి వంటింటి దిక్కు చూసిండు.

"మెల్లగ మాట్లాడు. మీ అవ్వ ఇంటది."

"కండ్లు పోతయ్ బాపూ."

"ఎరుకే. ముప్పై ఏండ్లు బాయిల చీకట్లనే చేసిన. తడుముకుంట నడుసుడు నాకు కొత్తనా?"

"ఎందుకు మరి?"

"ఎందుకో నీకు ఎరుక లేదా? అన్‌ఫిట్ అయితెనే డ్యూటీ నీకొస్తది. రిటైర్మెంట్ దగ్గరికొస్తే అది గూడ రాదు. గా బడిల ఎన్నేండ్లు మొత్తుకుంటవ్?" అని సీసా అంగి జేబుల వేసుకున్నడు. "నువ్వు చూడలేదనుకో బిడ్డా. బడికి పో."

మా దగ్గర ఉద్యోగం అనరు, డ్యూటీ అంటరు. బాయి పని చెయ్యలేడని మెడికల్ బోర్డు తేలిస్తే ఆ డ్యూటీ వాళ్ల పిల్లలకొస్తది. ఈ బొగ్గు ఊర్లల్ల అందరికీ తెలిసిన సంగతే.

నేను బడికి పోయిన.

ఎన్నిసార్లు ఆ పొద్దుటి పెరట్లకు మనసుల మళ్లీ పోయిన్నో లెక్కలేదు. సీసా గుంజుకోవచ్చు. అవ్వను కేకేయొచ్చు. ఒక్క మాట చెప్తే చాలు, అవ్వ ఆయన ముందల కూసోని ఏడ్చి, ఒట్టు పెట్టించుకొని, రెండు పూటల తనే వేసేది. అది నాకు తెలుసు. తెలిసి జడ అల్లుకున్న, రబ్బరు పెట్టుకున్న, సంచి తీసుకొని పోయిన. బాపు మాట జవదాటలేదు, అంతే కదా అని చాన రోజులు నాకు నేనే చెప్పుకున్న. ఆయన ఇష్టం, ఆయన కండ్లు, ఆయన ప్రేమ. మధ్యల నేనెవరిని? కని నిజంగ అందుకేనా ఊకున్నది? ఆ రోజు బడిల పిల్లలతోని పాఠం చదివించుకుంట నేనేం ఆలోచించిన్నో నాకు ఇప్పటికీ యాదికున్నది. మెడల కంపెనీ కార్డు వేసుకుంటే ఎట్లుంటనో ఆలోచించిన.

ఇంకా లోపలిది ఒకటున్నది. అది చెప్పకుంటే ఇదంత రాసి లాభం లేదు.

బాపుకు ఆ ఆలోచన ఎక్కడినుంచి వచ్చింది? మా వరుసలనే రెండిండ్ల అవతల లతీఫ్ కాక వాళ్లు ఉండేది. కాకకు గుండె జబ్బు చేసి అన్‌ఫిట్ అయిండు. వాళ్ల బిడ్డ షాహీన్‌కు డ్యూటీ వచ్చింది. మిఠాయి పంచిన్రు. ఆ మాపటికి అన్నం తినుకుంట నేనన్న, "షాహీన్ నసీబ్ మంచిది. వాళ్ల నాయిన జబ్బన్న ఆమెకు అక్కరకొచ్చింది." పరాచికంలెక్కనే అన్న. కని అది పరాచికం కాదు. బాపు తలెత్తలే. అన్నం తిని చెయ్యి కడుక్కున్నడు. మందు నేనే వేసుకుంట అన్నది ఆ వారంలనే.

అంటే ఆయన ఇచ్చిండు అనుడు సగమే నిజం. నేను అడిగిన.

మూడు నెలలకు బాపు, నేను మళ్లీ దవాఖానకు పోయినం. డాక్టర్ మిషన్ల చూసి నొసలు చిట్లించిండు. ఒత్తిడి ఇంత ఎట్ల పెరిగిందని మళ్లోసారి చూసిండు. "మందు రోజూ వేస్తున్నరా?" అని అడిగిండు. బాపును కాదు, నన్ను. బాపు తన మోకాళ్లు చూసుకుంట కూసున్నడు.

"నేనే వేస్తున్న సార్. ఒక్క పూట గూడ తప్పలే."

గొంతు వణకలే. అదే నాకు ఇప్పటికీ భయమైతది. డాక్టర్ నమ్మిండు. పాపం, నమ్మకేం చేస్తడు? ఈ మందు పనిచేస్తలేదని ఇంకో మందు రాసిండు. అది గూడ బండ కాడనే పోయింది.

తర్వాత బోర్డుకు పిలిచిన్రు. బాపు అన్‌ఫిట్ అయిండు. నాకు బాయి మీది ఆఫీసుల హాజరు చూసే డ్యూటీ వచ్చింది. ఆర్డర్ చేతికొచ్చిన తెల్లారే మందు సీసా పట్టుకొని బాపు ముందల నిలబడ్డ. అప్పటికి ఒక కన్ను కొంచెం కనబడుతుండె. ఆయన నవ్వి తల వెనుకకు వాల్చిండు. రెండేండ్లు నిజంగనే ఒక్క పూట తప్పకుండ వేసిన. చూపు నిలబడలే.

ఇప్పుడు బాపు గోడ పట్టుకొని నడుస్తడు. మంచం కాడినుంచి తలుపు దాక గోడ మీద ఆయన అరచెయ్యి ఆనే ఎత్తుల నల్లటి చార పడ్డది. ఏటా అవ్వ సున్నం వేయిస్తది. నెల తిరిగేసరికి చార మళ్ల వస్తది. డ్యూటీ దిగి ఇంట్లకొచ్చినప్పుడు నేను మొదలు చూసేది దాన్నే. నాకు లగ్గమైంది, బిడ్డ పుట్టింది, అందరం ఈ ఇంట్లనే ఉంటం. బాపు దాని మొఖం వేళ్లతోని తడిమి, ముక్కు నీదే అంటడు. ఆయనకు యాదికున్నది నా పాత మొఖం. అప్పటి మొఖం. అదే నయమనిపిస్తది ఒక్కోసారి.

అవ్వకు ఏమీ తెల్వదు. పోయిన వారం మందమర్రిల చుట్టాల ఇంట్ల ఫంక్షన్‌కు పోయినం. బంతిల కూసున్నంక ఎవరో బాపు సంగతి అడిగిన్రు. అవ్వ ఎప్పుడు చెప్పేదే చెప్పింది. "నా బిడ్డ రెండు పూటల తన చేతులతోని మందు ఏసింది. అయినా దేవుడు కండ్లు గుంజుకున్నడు." ఒక ముసలామె నా చెంపలు తడిమి మెటికలు విరిచింది. లేచి చెయ్యి కడుక్కున్న.

బాపు చేసింది ప్రేమ. దానికి నాకు అనుమానం లేదు. మరి నాది ఏంది? ప్రేమతోని ఇచ్చినదాన్ని తీసుకున్నంత మాత్రాన చేతులు శుభ్రంగ ఉంటయా? ఈ ప్రశ్నకు జవాబు మీ దగ్గర గూడ ఉండదు. ఉండాలని నేను అడుగుతలేను.

ఈరోజు ఆదివారం. అవ్వ అంగడికి పోయింది. నేను ముందటి అర్రల కూసోని ఇది రాస్తున్న. బాపు మంచంల ఉన్నడు. కాయిదం మీద పెన్ను చప్పుడు ఎప్పటినుంచి వింటున్నడో.

"గింతసేపటి సంది ఏం రాస్తున్నవ్ బిడ్డా?"

ఇన్నేండ్లల్ల ఆ సంగతి మేమిద్దరం ఎన్నడూ ఎత్తలే. అబద్ధం చెప్పొచ్చు. నాకు అలవాటే.

"నీ కండ్ల సంగతి బాపూ. డాక్టర్‌తోని నేను చెప్పిన అబద్ధం."

బాపు వద్దంటడనుకున్న. నీ తప్పేం లేదంటడని గూడ, సిగ్గులేక, ఎదురుచూసిన. ఆయన అటు తిరిగి పండుకున్నడు.

"పేరు రాయకు. డ్యూటీ పోతది."

పేరు రాయలే. మిగిలిందంత రాసిన.