బోర్లా పడుకోలేని అక్కతో ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు

ఇరవై ఏళ్ల కిందటి ప్రయాణమిది. ఇలాంటి రోగిని తీసుకెళ్లేవారికి పనికొస్తుందని రాస్తున్నాను. మా అక్క ఆళ్లగడ్డలో జాకెట్లు కుట్టేది. చిన్నప్పుడే వెన్ను వంగిపోయింది, దానికి తోడు ఆయాసం. ఎడమ కిడ్నీలో పెద్ద రాయి ఉందని తేలాక, మొదట చూపించిన చోట చేతులెత్తేశారు. నడుము దగ్గర చిన్న రంధ్రం చేసి రాయి తీయాలంటే మనిషిని బోర్లా పడుకోబెట్టాలట. అలా పడుకుంటే ఈమెకు ఊపిరాడదు. వదిలేస్తే కిడ్నీ పోతుంది. బయటికి రాగానే అక్క, "ఈడ కాకుంటే ఇంగో యాడన్నా చేస్తారు. పద, నంద్యాలకు పోదాం" అంది.

తెల్లవారి బస్సెక్కాం. సిరివెళ్ల మీదుగా గంటకు పైగా పడుతుంది. "అన్నా, గుంతల్లో కొంచెం మెల్లగా పోనీ. మా యక్కకు రాయి నొప్పి" అన్నాను డ్రైవరుతో. "ఎనక కూసోబెట్టాకు, ఎగరేస్తాది. ముందర సీటుకు తీసకరా" అన్నాడాయన. అక్క కమ్మీ పట్టుకుని, పెదవి కొరుక్కుంటూ కూర్చుంది.

నంద్యాలలో డాక్టరు ఎక్స్‌రేలు చూసి, "ఇంట్లో ఎట్లా పడుకుంటావమ్మా?" అని అడిగాడు.

"ఎత్తు దిండ్లేసుకొని, ఎల్లకిలా. బోర్లా అయితే సచ్చిపోతా సార్."

"బోర్లా వద్దులే. వెల్లకిలా ఉంచే ప్రయత్నిస్తాం. ప్రమాదం లేదని మాత్రం అనను."

"నేను పండుకోని సూపిస్తా. ఊపిరాడితే చెయ్యండి" అంది అక్క.

మరునాడు మత్తు డాక్టరు నిజంగానే ఆమెను ఆపరేషన్ బల్ల మీద పడుకోబెట్టి చూశాడట. తల వైపు ఎత్తి, వంగిన వీపు కింద మెత్తలు సర్ది, ఎడమ నడుము కింద దిండు పెట్టి, ఆమె ఆయాసం లేకుండా మాట్లాడేదాకా మారుస్తూనే ఉన్నారట. ఆ తర్వాతే నడుముకు మత్తిచ్చి మొదలుపెట్టారు. నేను వరండాలో తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడ్డాను. మధ్యాహ్నం బయటికి తెచ్చినప్పుడు ఆమె మెలకువగానే ఉంది. "రాయి పాయరా. ఊపిరి ఉండాది. ఏడుస్తాండావేంది?" అంది.

ఒకచోట కుదరదన్న మాటను మా అక్క ఆఖరి మాటగా తీసుకోలేదు. నేనైతే ఇంటికి తిరిగొచ్చేవాణ్ణి. ఒక్క సలహా: మీ మనిషి ఇంట్లో ఏ భంగిమలో నిద్రపోతారో, ఎలా పడుకుంటే ఆయాసం వస్తుందో డాక్టరుకు, మత్తు డాక్టరుకు ముందే చెప్పండి.