నీలి కోటుకు నల్ల చెయ్యి

ఆ వీధిలో ఆయనను టేపు మాస్టారు అంటారు. మెడలో కొలతల టేపు లేకుండా ఆయనను చూసినవారు అరుదు. భోజనానికి కూర్చున్నప్పుడు సైతం దాని కొస కంచంలో పడకుండా చొక్కా జేబులో దోపుకుంటారు తప్ప తీసి పక్కన పెట్టరు. దుకాణం రెండు గదులు. ముందు గదిలో కత్తిరింపు బల్ల, ట్యూబులైటు, నిలువుటద్దం. వెనుక గదిలో కుట్టుమిషన్లు, ఇస్త్రీపెట్టె, గుండీలు కుట్టే ఆయన భార్య. ఉన్న ఒక్క కిటికీ పక్క మేడ గోడ వైపు తెరుచుకుంటుంది.

మాస్టారి పనిలో ఒక పద్ధతి ఉంది. కోటు పక్క కుట్లలో ఆయన బొటనవేలి వెడల్పున గుడ్డ వదులుతారు. కొత్త దర్జీలు దానిని దండగ అంటారు. కానీ వీధి చివర ఉండే లాయరు గారు వృత్తిలో చేరిన ఏడాది కుట్టించుకున్న కోటును, ఆ మిగులు గుడ్డ పుణ్యమా అని, తర్వాత మూడుసార్లు విప్పి వదులు చేశారు. విప్పిన ప్రతిసారీ పాత కుట్టు జాడ లోపల సన్నని గీతగా మిగిలిపోయింది. లాయరు గారి సంపాదన ఎప్పుడెప్పుడు పెరిగిందో ఆ గీతలు చూసి చెప్పవచ్చునని మాస్టారి భార్య నవ్వేది.

ఆ లాయరు గారు ఇటీవల నగరసభకు ఎన్నికయ్యారు. సభ ముందు ఒక ప్రతిపాదన ఉంది: ఒక హద్దు దాటిన ఆదాయంపై అదనపు పన్ను వేసి, ఆ సొమ్ముతో ప్రభుత్వాసుపత్రిని బాగుచేయడం. హద్దు లోపలి సంపాదనను ఆ పన్ను తాకదు. దాటిన భాగానికే వర్తిస్తుంది. అయినా కొలతలివ్వడానికి వచ్చిన పెద్ద జీతగాళ్ళు ఇల్లంతా ఊడ్చుకుపోతారన్నట్టు మాట్లాడేవారు. పన్ను గురించి మాట్లాడే మనిషి నడుము కొలవడం కష్టమని, ఊపిరి బిగబట్టి ఉంటాడని మాస్టారి పరిశీలన.

ఆయన స్వంత కష్టం వేరు. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదురుతున్నాయి. ఆయనకు వచ్చిన రకం శుక్లంలో కంటి కటకం పసుపు తిరిగి, క్రమంగా గోధుమరంగుకు మారి, నీలి కాంతిని అడ్డుకుంటుంది. సూది బెజ్జం ఇంకా స్పష్టంగా కనిపిస్తుండగానే ముదురు నీలానికీ నలుపుకూ తేడా చెరిగిపోతుంది. మార్పు చాలా నెమ్మదిగా వస్తుంది గనుక అది వచ్చినట్టు చూసేవారికే తెలియదు.

ప్రభుత్వాసుపత్రిలో శస్త్రచికిత్సకు మాస్టారు వరుసలో ఉన్నారు. అక్కడి కంటి విభాగంలో ఆపరేషను బల్లలు రెండు. రెండవదానికి నర్సులను నియమించే సొమ్ము లేక దానిపై గుడ్డ కప్పి ఉంచారు. అందువల్ల ఆయన వంతు వచ్చే ఏడాది చివరికి గాని రాదు. ఈలోగా ఆయన భార్య దారపు కండెలను ఒక క్రమంలో పేర్చసాగింది: నలుపు ఎడమవైపు, నీలం కుడివైపు. ఆ సంగతి భర్తకు చెప్పలేదు.

సభలో ఓటు జరిగే రోజుకని లాయరు గారు ముదురు నీలం కోటు కుట్టమన్నారు. అదే వారంలో మాస్టారి భార్య, కాన్పయిన చెల్లెలికి సాయంగా వెళ్ళవలసి వచ్చింది. కత్తిరింపు బల్లపై అప్పుడు రెండు తానులున్నాయి: లాయరు గారి నీలం, మరొకరి నలుపు. రెండూ ఒకే మిల్లువి, ఒకే నేత. వేళ్ళతో తడిమినా తేడా తెలియదు.

ఓటు రోజు ఉదయం లాయరు గారు ఫోనులో మాట్లాడుతూనే వచ్చి, మాట్లాడుతూనే కోటు తొడుక్కుని, అద్దంలో కాలరు మాత్రం చూసుకుని బయలుదేరారు. పది అడుగులు వేశారో లేదో, బస్సు దిగి సంచితో వస్తున్న మాస్టారి భార్య ఎదురైంది.

“లాయరు గారూ, ఆగండాగండి! ఆ ఎడం చెయ్యేమిటండీ అలా ఉంది?”

“ఎలా ఉందమ్మా? బాగానే ఆడుతోందే!”

“మీ చెయ్యి కాదు బాబూ, కోటు చెయ్యి. ఒక్కసారి ఎండలోకి చాపండి.”

చాపారు. కోటు నీలం. ఎడమ చెయ్యి నలుపు.

ఇద్దరూ వెనక్కి రావడం చూసి మాస్టారు గుమ్మంలోకి వచ్చారు. విన్నాక ఆయన ముఖం గంటు పెట్టుకున్నారు. “ఏమోయ్, వారం తర్వాత ఇంటికొచ్చి, చెప్పులన్నా విడవకుండా నా పనికి వంక పెడతావా?”

“వంక కాదండీ. చూడండి మీరే.”

ఆయన కోటు అందుకుని గడప దాటారు. కుడి చేతిని ఎండలో పట్టి చూశారు. ఎడమ చేతిని చూశారు. రెండింటినీ పక్కపక్కన మడిచి మళ్ళీ చూశారు.

“రెండూ ఒకటేగా,” అన్నారు.

వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆయన భార్య వైపు తిరిగారు. “కండెలు నువ్వు సర్దుతున్నావు కదూ?”

ఆమె తలూపింది. మాస్టారు లోపలికి నడిచి, మెడలోని టేపు తీసి, చుట్ట చుట్టి, బల్లపై పెట్టారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో పట్టపగలు ఆయన ఆ పని చేయగా ఆమె చూడలేదు.

లాయరు గారు గొంతు సవరించుకున్నారు. “మాస్టారూ, ప్రైవేటులో చేయించుకోవచ్చు కదా?”

“మిషన్లు అమ్మితే ఆ డబ్బొస్తుంది. మిషన్లు అమ్మాక కళ్ళెందుకండీ, గోడ చూడ్డానికా?”

“పోనీ నేనిస్తాను.”

“ఊ అనండీ!” అంది భార్య. “పెద్దమనిషి నోరు తెరిచి ఇస్తానంటుంటే ఆ బెట్టేమిటి?”

“బెట్టు కాదే. వరుసలో నా ముందు ఓ బస్సు డ్రైవరున్నాడు. ఆ వెనకాలే రొట్టెల కొట్టతని తల్లి. వాళ్ళు ఏ లాయరు గారికి కోటు కుట్టాలి, చెప్పు?”

లాయరు గారు స్టూలు మీద కూర్చున్నారు. “నేను డబ్బుకి వెనకాడట్లేదు మాస్టారూ. ఆ హద్దు నేనెప్పుడో దాటాను, కడితే చితికిపోను. కానీ ఆ సొమ్ము ఆసుపత్రికి చేరుతుందని ఎవరు హామీ? మేయరు గారి గది గోడలకి రంగులేస్తారు.”

“దారి తప్పకుండా కట్టడి రాయడం మీ పనేగా? అందుకే కదా మాకన్నా పెద్ద ఫీజు తీసుకుంటారు! గుడ్డ పాడవుతుందేమోనని నేను కత్తెర పట్టడం మానేశానా?” అని, చేతిలోని కోటును చూసి మాస్టారు ఆగిపోయారు. “ఇవాళ పాడు చేశాననుకోండి. ఇప్పుడే విప్పేస్తాను.”

“విప్పితే సభకి ఏం తొడుక్కోను? ఇలాగే వెళతాను.”

“నా పరువండీ!”

“మీ పరువు నా ఒంటి మీదే ఉంటుంది. భద్రంగా తెస్తాను.”

ఆ మధ్యాహ్నం సభలో ఒక సభ్యుడు, తొందరలో ఇద్దరి కోట్లు తొడుక్కొచ్చారా అని అడిగితే అందరూ నవ్వారు. లాయరు గారూ నవ్వి, ఆ చెయ్యి ఎత్తి చూపించారు. “మా టైలరు నగరంలోకెల్లా మంచి పనివాడు. ఇప్పుడు ఆసుపత్రి వరుసలో ఉన్నాడు. అక్కడ గుడ్డ కప్పిన బల్ల ఒకటుంది. ఆ గుడ్డ తీయడానికి నా వాటా నేను కడతాను,” అన్నారు. ఆ తర్వాత ఒక సవరణ చదివారు: ఈ పన్ను సొమ్ము విడి నిధిగా ఉండాలి, చికిత్సకు తప్ప దేనికీ వాడకూడదు, ఏటా తనిఖీ నివేదికను సభ ముందు పెట్టాలి. డబ్బున్నవారు నగరం విడిచి పోతారని కొందరు వాదించారు. స్వల్ప ఆధిక్యంతోనే అయినా సవరణ, దానితోపాటు పన్ను ఆమోదం పొందాయి.

కళ్ళు బాగయ్యేవరకు తెల్ల చొక్కాలు తప్ప మరేదీ కత్తిరించనని మాస్టారు ఆ సాయంత్రమే ప్రకటించారు. అన్నట్టే ఉన్నారు. రాబడి తగ్గింది, భార్య స్కూలు యూనిఫారాలు ఒప్పుకుని ఇల్లు నెట్టుకొచ్చింది. పన్ను అమలైన కొన్ని నెలలకు ఆసుపత్రిలో కొత్త నర్సులు చేరారు, రెండవ బల్లపై గుడ్డ తొలగింది. వరుస వేగం పుంజుకుంది. బస్సు డ్రైవరు తర్వాత రొట్టెల కొట్టతని తల్లి, ఆమె తర్వాత ఇంకా కొందరు. ఆ పిమ్మట, అనుకున్నదానికన్నా చాలా ముందుగా, మాస్టారి వంతు వచ్చింది.

మొదటి కంటి కట్టు విప్పాక ఆయన తిన్నగా దుకాణానికి వచ్చి, లాయరు గారిని పిలిపించి ఆ కోటు అడిగి తీసుకున్నారు. ఎండలో పట్టుకుని చాలాసేపు చూశారు.

“ఇంత తేడానా! ఈ అవతారంతో సభకెళ్ళారా మీరు?”

“వెళ్ళాను. గెలిచాను కూడా,” అన్నారు లాయరు గారు. “ఈ ఏడు పన్ను కట్టేటప్పుడు మాత్రం చురుక్కుమంది, దాచడమెందుకు?”

“పక్క కుట్లలో గుడ్డ వదిలానండీ. పైసా తీసుకోకుండా వదులు చేస్తాను, ఊపిరి పీల్చుకోండి,” అని మాస్టారు టేపు మెడలో వేసుకుని నల్ల చెయ్యి కుట్టు విప్పడం మొదలుపెట్టారు.

ఆ రోజు నుంచి దుకాణంలో ఒక కొత్త నియమం వచ్చింది. కోటు తొడుక్కున్న వారెవరైనా ముందు గడప దాటి ఎండలో నిలబడాలి. మాస్టారు ఒకసారి, ఆయన భార్య ఒకసారి చుట్టూ తిరిగి చూస్తారు. అద్దం దగ్గరికి పంపడం ఆ తర్వాతే.