మా అమ్మాయి పెట్టిన చేప స్టేటస్

నాకు కోపం ముందొస్తుంది, ఆలోచన తర్వాతొస్తుంది. ఈ మాట మా ఆయన పెళ్ళైన కొత్తలో అన్నాడు. ఇన్నేళ్ళైనా వెనక్కి తీసుకోలేదు.

గుమ్మలక్ష్మీపురంలో మాది ఫ్యాన్సీ షాపు. గాజులు, రిబ్బన్లు, పౌడరు డబ్బాలు అమ్ముతాం. ఆ రోజు సంత. కొండ మీది నుంచి దిగిన ఒకామెకు గాజులు తొడుగుతూ, మధ్యలో ఫోను చూశాను. పార్వతీపురంలో నర్సింగ్ చదువుతున్న మా అమ్మాయి వాట్సాప్‌లో స్టేటస్ పెట్టింది. నీళ్ళలోంచి ఒడ్డుకు పాకుతున్న చేప, దానికి కాళ్ళలాంటి రెక్కలు. కింద, "నువ్వు బయటికి రాకుండా ఉండాల్సింది. నేను మళ్ళీ నీళ్ళలోకి పోతున్నా. బై" అని రాసి ఉంది. పక్కన కళ్ళమ్మట నీళ్ళు కారుతున్న మొహాలు మూడు.

ఫోను చేశాను. స్విచ్ ఆఫ్. నాలుగుసార్లు చేసినా అంతే. సగం గాజులు తొడిగిన ఆమె చెయ్యి వదిలేసి షట్టరు దించేశాను. మా ఆయన సరుకు కోసం విజయనగరం వెళ్ళాడు. ఆయనకు చెప్పలేదు. చెబితే నిజమైపోతుందని భయం వేసింది.

బస్సులో గంటన్నర. దారిలో కనబడిన ప్రతి చెరువునూ కిటికీలోంచి తొంగి చూశాను. రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయని ఆ పిల్ల ఇంటర్‌లోనే చెప్పింది. "అందరికీ అలాగే ఉంటాది, అలవాటైపోద్ది" అని మొండిగా చేర్పించింది నేనే.

హాస్టల్ గేటు దగ్గరికి యూనిఫాంలోనే వచ్చింది, వెనక ఇద్దరు స్నేహితురాళ్ళు.

"ఏటమ్మా, ఇలగొచ్చేసావు?"

చెంప మీద ఒక్కటిచ్చాను. ఆ వెంటనే దాన్ని వాటేసుకుని ఏడ్చాను.

"ఫోనెందుకు కట్టేసావే గుంటా? నీళ్ళలోకి పోతానని రాస్తావా?"

"అమ్మా, డ్యూటీలో ఫోను ఆపేయమంటారు. అది జోకు. కోట్ల ఏళ్ళ కిందట ఆ చేప నేల మీదికొచ్చిందంట. దాన్నుంచే మనుషులొచ్చారంట. అది రాకపోతే మనకీ డ్యూటీలు, పరీక్షలు ఉండేవి కావు కదా అని నెట్‌లో అందరూ దాన్ని తిడతన్నారు."

"మరి ఏడుపు మొహాలెందుకు పెట్టావు?"

"అవి ఏడుపువి కాదమ్మా. నవ్వీ నవ్వీ కళ్ళమ్మట నీళ్ళొచ్చినవి."

ఆ పిల్లలిద్దరూ గోడకానుకుని నవ్వారు. నాకు ప్రాణం లేచొచ్చింది. సిగ్గుతో తల కూడా దించుకున్నాను.

బస్టాండు దాకా నాతో వచ్చింది. ఇద్దరం టీ తీసుకున్నాం. అది తాగకుండా గ్లాసు పట్టుకుని కూర్చుంది.

"ఎలాగూ వచ్చావు కదమ్మా, నన్ను ఇంటికి తీసుకుపో. మొన్న వార్డులో ఒక ముసలమ్మ నా చెయ్యి పట్టుకునే పోయింది. ఆ చేత్తో అన్నం తినలేకపోతన్నాను."

విన్నాను. విననట్టు ఉంటే బాగుండుననిపించింది. మా అమ్మాయి నర్సమ్మ అని షాపుకొచ్చే ప్రతివాళ్ళకూ చెప్పుకున్నాను. ఏ మొహం పెట్టుకుని వెనక్కి తెస్తాను? పొద్దుటి నుంచి పడ్డ భయమంతా కోపమై నోట్లోకి వచ్చింది.

"జోకన్నావు కదే ఇందాక. ఇదీ జోకేనా?"

తాగని టీ గ్లాసు బల్ల మీద పెట్టేసింది.

"ఆఁ, జోకే" అంది.

బస్సొస్తే ఎక్కేశాను.

ఆ తర్వాత రోజూ ఫోను చేస్తూనే ఉన్నాను. తిన్నావా అంటే తిన్నానంటుంది. స్టేటస్‌లు కూడా కనబడటం లేదు. బుద్ధిగా చదువుకుంటోందని సంబరపడ్డాను, నలుగురికీ చెప్పాను కూడా. మొన్న మా ఆయన అన్నం తింటూ ఫోను చూసి నవ్వుతుంటే ఏమిటని అడిగాను. అమ్మాయి స్టేటస్ అన్నాడు. రోజూ ఏదో ఒకటి పెడుతూనే ఉందట. నా ఫోను తీసి వెతికాను. ఏమీ లేదు.

"నీకు నెట్ లేదేటో సూడు" అన్నాడు.

నెట్ ఉంది. నాకొక్కదానికే కనబడకుండా పెట్టుకుంది.