కుడికి లాగే జీపు

నిర్మల్ ఘాటు దిగేటప్పుడు కుడివైపు లోయ మూడు తాటిచెట్ల లోతు ఉంటుందని ఇన్నేళ్లుగా అందరికీ చెబుతూ వచ్చాను. ఒక తాటిచెట్టు అనుకోండి. బ్రేకు తొక్కగానే జీపు తనంతట తాను అటు తిరుగుతుంటే ఆ ఒక్కటే చాలు.

హైదరాబాద్ స్టేట్ పోయి ఆంధ్రప్రదేశ్ అయిన కొత్తలు. మాది మెట్‌పల్లి అయినా, నిర్మల్‌లో ఒక వెదురు కాంట్రాక్టరు సేఠు దగ్గర డ్రైవరుగా ఉండేవాణ్ణి. జీపు మిలిటరీ వాళ్లు వేలంలో అమ్మేసింది. స్టీరింగు ఎడమవైపు. అంటే లోయ పక్కన కూర్చునేది నేను కాదు, నా భార్య. కొత్తగా పెళ్లయింది. ఆమె పుట్టిల్లు ఘాటు పైన, ఇచ్చోడ దాటాక అడవి అంచున ఒక పల్లె. వెదురు కొట్టేది కూడా అటే. సేఠు పని మీద పోయినప్పుడు ఆమెనూ ఎక్కించుకునేవాణ్ణి. రాత్రి అత్తగారింట్లో ఉండి పొద్దున దిగేవాళ్లం.

అలా దిగుతుండగానే మొదటిసారి జరిగింది. సగం ఘాటు బాగానే దిగాం. పెద్ద మలుపులో బ్రేకు తొక్కాను. పెడలు కాలికింద రాయిలా గట్టిగానే ఉంది, బండి మాత్రం ఆగకుండా కుడికి ఉరికింది. ఇంకా గట్టిగా తొక్కితే ఇంకా కుడికి. నా భార్య నా భుజం పట్టుకుంది. అరిచినా బాగుండేది. బ్రేకు వదిలి, గేరు తగ్గించి, స్టీరింగు ఎడమకు తిప్పి, బండిని కొండవైపు గట్టుకు రాసి ఆపాను.

ఎదురుగా పులి వచ్చిందని, దాన్ని తప్పించబోయి గట్టుకు కొట్టానని నిర్మల్‌లో చెప్పాను. పులి లేదు. కొండముచ్చు కూడా లేదు. గేరు తగ్గించింది నిజం. గట్టు తగిలే వేళకు నా కళ్లు మూసుకుని ఉన్నదీ నిజం.

నిర్మల్ బస్టాండు వెనక రేకుల షెడ్డులో ఒక ముసలి మిస్త్రీ ఉండేవాడు. సంగతంతా విని నవ్వాడు.

"కుడికి గుంజుతుందంటే కుడి చక్రాలు మంచిగ పడుతున్నయ్ మియా. ఎడమయి పడుతలేవు. రోగం గక్కడుంది."

ఎడమ చక్రాలు విప్పితే లోపల బ్రేకు పట్టీలు నల్లటి జిడ్డుతో మెరుస్తున్నాయి. బ్రేకు ఆయిలు కారుతోందని తేల్చి, రబ్బర్లు మార్చి, అంతా పెట్రోలుతో కడిగి బిగించాడు. బండి గీత గీసినట్టు నేరుగా ఆగింది. కొన్ని వారాలు ఊళ్లో తిప్పాను, ఏమీ కాలేదు. మళ్లీ అత్తగారింటికి పోయి దిగుతుంటే అదే ఘాటు, అదే గుంజుడు. ఈసారి ఇరుసు దగ్గరి సీళ్లు మార్చాడు. ఆ తర్వాత పైపులు మార్చాడు.

"నా షెడ్డుల ఉన్నన్ని దినాలు బంగారం లెక్కుంటది. ఘాటు ఎక్కంగనె దీనికి ఏం పుడుతది?" అన్నాడు, నన్ను కాదు, జీపును చూస్తూ.

నాకు ఒకటే భయం పట్టుకుంది. ముందు నిమ్మకాయలు కట్టాను, దర్గా నుంచి తాయెత్తు తెచ్చి స్టీరింగుకు కట్టాను. అత్తగారి దిష్టేమోనని కూడా అనుమానించాను, ఆమె కోడిని కోసి పెడుతున్నా సరే. నిద్రలోనూ కుడికాలు ఊరుకునేది కాదు.

"రాత్రంత నా కాలు తొక్కుతనే ఉన్నవ్. నేను ఆగిన గని నువ్వు ఆగవైతివి" అనేది నా భార్య.

ఇంతలో ఆమెకు నెలలు నిండాయి. తొలికాన్పు పుట్టింట్లోనే కాబట్టి పైకి తీసుకుపోయి దింపాను. ఎక్కడానికి భయం లేదు. ఇక బిడ్డ పుట్టేదాకా ఆమె ఆ లోయ పక్కన కూర్చోదు కదా అని లోలోపల ఊపిరి పీల్చుకున్నాను.

చూసి వద్దామని పోయిన రోజునే నొప్పులు మొదలయ్యాయి. జీపును ఎప్పటిలాగే కుడిపక్క కొట్టం గోడకు ఆనించి పెట్టాను. తెల్లారినా కాన్పు కాలేదు. మంత్రసాని చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

"బిడ్డ అడ్డం తిరిగింది కొడుకా. నాతోని కాదు. నిర్మల్ దవాఖానకు తీస్కపో."

పోకపోతే ఆమె దక్కదు. పోతే ఘాటు. వెనక గడ్డి పరిచి, బొంత వేసి, అత్త, నేను ఆమెను ఎత్తి పడుకోబెట్టాం. మామ కనబడలేదు. పిలుస్తూ జీపు చుట్టూ తిరిగాను. ఎడమ ముందు చక్రం దగ్గర గొంతుకు కూర్చుని, వెదురు గొట్టంలో పుల్ల ముంచుతున్నాడు.

"మామా, ఏం జేస్తున్నవ్?"

"కందెన వెడుతున్న అల్లుడా. ఎనుకది అయింది. గిదొక్కటి."

మామ బతుకంతా ఎడ్లబండి తోలినవాడు. కందెన అంటే ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి బండి ఇరుసుకు పూసేది. చక్రం వెనక సన్నటి సందులోకి పుల్లతో దాన్ని ఓపికగా కూరుతున్నాడు.

"ఎప్పటిసంది వెడుతున్నవ్?"

"నువ్వొచ్చినప్పుడల్ల. కందెన లేని బండిల నా బిడ్డను ఎట్ల పంపుత? అటు దిక్కు గోడకు చెయ్యి దూరది. గిటు దిక్కన్న వెడుత."

కూరిన కందెన సగం ఘాటు దిగేదాకా కదలదు. బ్రేకుల వేడికి కరిగి లోపలికి జారుతుంది. మిస్త్రీకి దొరకని రోగం నా కళ్ల ముందు గొంతుకు కూర్చుని ఉంది. ఆ గొట్టం లాక్కుని దూరంగా విసిరికొట్టానని మా పిల్లలకు చెప్పేవాణ్ణి. లేదు. ఆయన పక్కనే కూలబడ్డాను.

"మామా, గది చక్రం తిరగనీకి కాదు, ఆపనీకి. నువ్వు దాన్ని జారవెడుతున్నవ్."

బండి తోలినవాడికి అంతకన్నా చెప్పనక్కర్లేదు. ఒకసారి జీపులో ఉన్న బిడ్డ వైపు చూశాడు. తల రుమాలు విప్పాడు. నేను జాకీ ఎక్కించి చక్రాలు ఊడదీస్తే, ఆయన రుమాలును పెట్రోలులో ముంచి ముంచి రుద్దాడు. లోపలినుంచి మూలుగు ఆగి, మాట వచ్చింది.

"నేను సస్తుంటే మామా అల్లుళ్లు బండితోని ఆడుకుంటున్నరా?"

ఆ తిట్టు వినబడ్డందుకు ప్రాణం లేచివచ్చింది. తర్వాత మళ్లీ మూలుగే.

మామ వెనక కూర్చుని ఆమె తల ఒళ్లో పెట్టుకున్నాడు. పెద్ద మలుపు వచ్చింది. నా కాలు బ్రేకు మీద ఉంది, కానీ నొక్కడం లేదు.

"తొక్కు అల్లుడా" అన్నాడు మామ, వినబడీ వినబడనట్టు.

తొక్కాను. జీపు కుడికి కొంచెం తల తిప్పి, సర్దుకుని, నేరుగా ఆగింది. ఒక్కచేత్తో ఘాటు దిగానని ఎక్కడైనా అని ఉంటే కొట్టేయండి. రెండు చేతులతోనూ స్టీరింగును కరిచిపట్టుకుని ఏడుస్తూ దిగాను.

దవాఖానలో ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా దక్కారు. సంగతి తెలిసి మిస్త్రీ వచ్చాడు. మామ గోడవారన, నల్లబడ్డ రుమాలు చేతిలో నలుపుతూ కూర్చున్నాడు.

"రోగం దొరికిందా మియా?"

మామ తల దించుకున్నాడు.

"దొరికింది. గ్రీసు కరిగి లోపటికి కారుతుండె" అన్నాను.

మిస్త్రీ రుమాలు అందుకుని వాసన చూశాడు. మామను చూశాడు.

"అవ్. గ్రీసే" అని తిరిగి ఆయన చేతికే ఇచ్చాడు.

తర్వాత నేను పల్లెకు పోతే మామ జీపుకు దూరంగా, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాడు. ఆముదమంతా మనవరాలి మాడుకే పోయింది. రోజూ ఆయనే స్వయంగా పెట్టేవాడు. ఆ వాసన వచ్చిందంటే, కూర్చున్నచోటే నా కుడికాలు నేలను గట్టిగా తొక్కేది.